ఎక్సెల్ మాక్రోలలో తేదీలు ఎందుకు తారుమారవుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ 1 అని నమోదు చేసిన తేదీ జనవరి 4గా ఎలా మారిందన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో తిరిగి తిరిగి వస్తూనే ఉంది కాబట్టి, అలాంటి సందేహాలన్నింటినీ పని జరిగే దశల వారీగా ఇక్కడ కూర్చాను. మాక్రో అంటే ఎక్సెల్ పనులను మనకు బదులుగా చేసే కోడ్, దాన్ని రాసే భాష వీబీఏ. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు. ఫంక్షన్ల పేర్లనూ ఫార్మాట్ కోడ్‌లనూ తెలుగు లిపిలో రాశాను గానీ, ఎడిటర్‌లో వాటిని మామూలుగా ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. కోడ్‌లలో డీ అంటే రోజు, ఎం అంటే నెల, వై అంటే సంవత్సరం.

## కోడ్ రాయడానికి ముందు వచ్చే సందేహాలు

నా కంప్యూటర్‌లో సరిగ్గా నడిచే మాక్రో మా మేనేజర్ కంప్యూటర్‌లో తేదీలను ఎందుకు తిప్పేస్తోంది?

ఎక్సెల్ తేదీని అక్షరాలుగా దాచుకోదు. 1900 జనవరి 1ని 1గా తీసుకుని అక్కడి నుంచి లెక్కించిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. ఆ లెక్కన 2025 ఏప్రిల్ 1 అంటే 45748. ఈ సంఖ్య ఏ దేశపు కంప్యూటర్‌లోనైనా ఒకటే కాబట్టి, సంఖ్యగా ఉన్నంతసేపూ తేదీకి ఏ ప్రమాదమూ లేదు. "01/04/2025" అనే అక్షరాల వరుసను సంఖ్యగా మార్చే క్షణంలోనే, లేదా సంఖ్యను తిరిగి అక్షరాలుగా మార్చే క్షణంలోనే తేడా వస్తుంది. రోజును ముందు రాసే భారతీయ అమరికలో (విండోస్‌లో ఈ అమరికలనే రీజనల్ సెట్టింగ్స్ అంటారు) ఆ అక్షరాలు 45748 అవుతాయి. నెలను ముందు రాసే అమెరికా అమరికలో అవే అక్షరాలు జనవరి 4, అంటే 45661 అవుతాయి. మధ్యలో 87 రోజుల తేడా వచ్చినా, రెండూ చెల్లుబాటయ్యే తేదీలే కాబట్టి ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు. మీ మాక్రోలో ఎక్కడో ఒకచోట తేదీ అక్షరాల రూపం దాలుస్తోంది. వెతకవలసింది ఆ చోటునే.

కొన్ని తేదీలే తప్పుతున్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. సెట్టింగ్ తప్పయితే అన్నీ తప్పాలి కదా?

రోజు సంఖ్య 12 దాటితే దానిని నెలగా చదవడం కుదరదు. వీబీఏలోని మార్పిడి ఫంక్షన్లు అలాంటప్పుడు పొరపాటు చూపించకుండా, తామే క్రమాన్ని తిప్పి, సరిపోయే తేదీని తీసుకుంటాయి. అందుకే నెలలో 13వ తేదీ నుంచి అన్నీ సరిగ్గా కనిపిస్తాయి, మొదటి 12 రోజులే తారుమారవుతాయి. వాటిలోనూ 07/07 లాగా రోజూ నెలా ఒకటే అయిన తేదీలు ఏడాదికి 12 ఉంటాయి, అవి ఎటు చదివినా మారవు. మొత్తం మీద ఏడాదిలో 132 తేదీలు రెండు విధాలుగా చదవడానికి వీలైనవి.

దీనివల్ల పరీక్ష చేసేటప్పుడు మోసపోవడం చాలా తేలిక. నెలవారీ జీఎస్‌టీ రిటర్నుల గడువులను లెక్కించే మాక్రోను తీసుకోండి: జీఎస్‌టీఆర్-3బీకి చెందిన 20వ తేదీతో పరీక్షిస్తే అంతా సవ్యంగా ఉంటుంది, జీఎస్‌టీఆర్-1కి చెందిన 11వ తేదీకి వచ్చేసరికి జూలై 11 కాస్తా నవంబర్ 7 అవుతుంది. కాబట్టి పరీక్షకు ఎప్పుడూ 12 లోపు రోజునే, అదీ నెల సంఖ్యతో సమానం కాని రోజునే ఎంచుకోవాలి.

ఈ రీజనల్ సెట్టింగ్స్ ఎక్కడ ఉంటాయి? ఎక్సెల్ ఆప్షన్స్‌లో మార్చుకోలేమా?

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్ పెట్టెలో, ఫార్మాట్స్ అనే ట్యాబ్‌లో షార్ట్ డేట్ రూపం ఉంటుంది. ఎక్సెల్, వీబీఏ రెండూ రోజు ముందా నెల ముందా అన్నది అక్కడి నుంచే తీసుకుంటాయి. ఎక్సెల్ ఆప్షన్స్‌లో కనిపించే సెపరేటర్ల సెట్టింగ్ దశాంశ బిందువుకూ వేల మధ్య కామాకూ సంబంధించినది మాత్రమే, తేదీ క్రమంతో దానికి సంబంధం లేదు. ఆఫీస్ మెనూలు ఏ భాషలో కనిపిస్తున్నాయన్నది కూడా వేరే విషయం.

మాక్రో నడుస్తున్న కంప్యూటర్ ఏ క్రమాన్ని పాటిస్తోందో కోడ్‌లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. అప్లికేషన్.ఇంటర్నేషనల్ అనే గుణానికి ఎక్స్‌ఎల్‌డేట్‌ఆర్డర్ అనే స్థిరాంకాన్ని ఇస్తే, నెల ముందుంటే 0, రోజు ముందుంటే 1, సంవత్సరం ముందుంటే 2 వస్తుంది. ఎక్స్‌ఎల్‌డేట్‌సెపరేటర్ ఇస్తే మధ్యలో వాడే గుర్తు తెలుస్తుంది. సమస్య వచ్చిన కంప్యూటర్‌లో ముందుగా ఈ రెండింటినీ చూసుకుంటే చాలా ఊహాగానాలు తప్పుతాయి. అయితే ఈ విలువను బట్టి మూడు దారులుగా చీలే కోడ్ రాయడాన్ని నేను సమర్థించను. ఆ కోడ్‌ను మూడు సెట్టింగ్‌ల కింద పరీక్షించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆఫీసులో అన్ని కంప్యూటర్లకూ ఒకే సెట్టింగ్ పెట్టేస్తే సరిపోదా?

కొంతకాలం సరిపోయినట్లే ఉంటుంది. కానీ ఈ సెట్టింగ్ కంప్యూటర్‌కు చెందినది కాదు, ఒక్కొక్క యూజర్ ఖాతాకు చెందినది. మీరు లాగిన్ అయి నడిపినప్పుడు సరిగ్గా పనిచేసిన మాక్రోను రాత్రిపూట టాస్క్ షెడ్యూలర్ వేరొక సర్వీస్ ఖాతాతో నడిపితే, ఆ ఖాతాకు అమెరికా అమరిక ఉండే అవకాశం ఎక్కువ. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని రిమోట్ డెస్క్‌టాప్‌పై పనిచేసేవారికి ఇది మరీ ఎదురవుతుంది: ముందున్న ల్యాప్‌టాప్ రోజు-నెల క్రమంలోనూ, నిజంగా ఎక్సెల్ నడుస్తున్న యంత్రం నెల-రోజు క్రమంలోనూ ఉంటాయి. రీజియన్ పెట్టెలోని అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్ నుంచి కొత్త ఖాతాలకూ సిస్టమ్ ఖాతాలకూ ప్రస్తుత అమరికను నకలు చేయవచ్చు గానీ, ఆ అధికారం సాధారణంగా ఐటీ విభాగం చేతిలోనే ఉంటుంది. మాక్రోయే విండోస్ సెట్టింగ్‌ను మార్చి, పని ముగిశాక తిరిగి పెట్టే ఉపాయాన్ని కొందరు సూచిస్తుంటారు. మధ్యలో మాక్రో ఆగిపోతే ఆ యూజర్ కంప్యూటర్ మొత్తం మారిపోయిన అమరికతోనే మిగిలిపోతుంది కాబట్టి అది చేయదగిన పని కాదు.

## ఫైలు తెరిచేటప్పుడు

సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడగొట్టిన అక్షరాల ఫైలును) డబుల్ క్లిక్ చేస్తే తేదీలు సరిగ్గా వస్తాయి, అదే ఫైలును మాక్రోతో తెరిస్తే పాడైపోతున్నాయి. ఫైలు ఒకటే కదా?

ఫైలు ఒకటే, చదివే నియమం వేరు. చేత్తో తెరిచినప్పుడు ఎక్సెల్ మీ రీజనల్ సెట్టింగ్స్‌ను పాటిస్తుంది. వర్క్‌బుక్స్.ఓపెన్ ద్వారా తెరిచినప్పుడు, వేరే విధంగా చెప్పకపోతే, అమెరికా ఇంగ్లీషు క్రమాన్ని పాటిస్తుంది. ఆ దారిలో 01/04/2025 జనవరి 4గా మారిపోతుంది, 13/04/2025 మాత్రం తేదీగా గుర్తింపు పొందక అక్షరాలుగానే మిగిలి సెల్‌లో ఎడమ వైపుకు అంటుకుని కనిపిస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపూ కొన్ని ఎడమవైపూ ఉంటే జరిగింది ఇదే. ఓపెన్ ఆదేశానికి చివర లోకల్ అనే పరామితిని ట్రూ అని ఇస్తే, చేత్తో తెరిచినప్పటి నియమమే మాక్రోకూ వర్తిస్తుంది. ఇక్కడి బ్యాంకు నుంచి దించుకున్న స్టేట్‌మెంట్‌ను ఇక్కడి అమరిక ఉన్న కంప్యూటర్‌లోనే తెరిచే పని అయితే ఈ ఒక్క మార్పు చాలు.

లోకల్ ట్రూ పెట్టాను. ఇప్పుడు అమెరికా క్లయింట్ పంపిన ఫైలు తప్పుగా వస్తోంది. రెండూ సరిగ్గా రావాలంటే?

తేదీ క్రమం ఫైలుకు చెందిన లక్షణమే తప్ప కంప్యూటర్‌కు చెందినది కాదు కాబట్టి, ఏ ఫైలు ఏ క్రమంలో వస్తుందో మాక్రోకు మీరే చెప్పాలి. ఓపెన్‌టెక్స్ట్ ఆదేశంలోని ఫీల్డ్‌ఇన్ఫో పరామితిలో ప్రతి కాలమ్‌కూ ఒక రకాన్ని ఇవ్వవచ్చు: నెల-రోజు-సంవత్సరం అయితే 3, రోజు-నెల-సంవత్సరం అయితే 4, సంవత్సరం-నెల-రోజు అయితే 5, అక్షరాలుగానే ఉంచాలంటే 2. ఇలా చెప్పాక రీజనల్ సెట్టింగ్ ఏదైనా ఫలితం మారదు. ఫైలులో క్రమం ఏదో ఖాయంగా తెలియనప్పుడు, 12 దాటిన సంఖ్య ఏ స్థానంలో ఉందో ముందుగా వెతికి నిర్ధారించుకోవాలి. అలాంటి సంఖ్య ఒక్కటి కూడా లేకపోతే పంపినవారిని అడగడం మినహా మార్గం లేదు.

ఫీల్డ్‌ఇన్ఫో సరిగ్గానే ఇచ్చాను, అయినా ఎక్సెల్ పట్టించుకోవడం లేదు.

ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉంటే ఎక్సెల్ ఆ పరామితిని వదిలేసి తన సొంత పద్ధతిలో చదువుతుంది. మాక్రోతోనే ఫైలుకు టీఎక్స్‌టీ అనే పొడిగింపుతో ఒక నకలు తీసి, ఆ నకలును తెరిస్తే పనిచేస్తుంది.

పవర్ క్వెరీ (బయటి డేటాను ఎక్సెల్‌లోకి తెచ్చే సాధనం) వాడితే ఈ బాధ ఉండదా?

చాలావరకు ఉండదు, ఒక షరతు మీద. అది తనంతట తానుగా చేర్చే "చేంజ్డ్ టైప్" అనే మెట్టును తొలగించి, తేదీ కాలమ్ రకాన్ని "యూజింగ్ లొకేల్" ద్వారా మార్చి, ఫైలు ఏ దేశపు అమరికలో ఉందో అక్కడ ఎంచుకోవాలి. ఆ ఎంపిక క్వెరీతో పాటే నిల్వ ఉంటుంది. ప్రతి నెలా ఒకే ఆకారంలో వచ్చే ఫైళ్లకు మాక్రో కన్నా ఇదే మెరుగని నా అభిప్రాయం.

## కోడ్ లోపల

అక్షరాలను తేదీగా మార్చే సీడేట్, డేట్‌వాల్యూ వాడటం సురక్షితమేనా?

అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు తెలియనప్పుడు సురక్షితం కాదు. రెండూ ఆ యూజర్ రీజనల్ సెట్టింగ్‌నే ముందు ప్రయత్నిస్తాయి, కుదరకపోతే వేరే క్రమాలను ప్రయత్నిస్తాయి. డేట్ రకపు చరరాశికి నేరుగా అక్షరాలను అప్పగించినా లోపల జరిగేది ఇదే మార్పిడి, కాకపోతే కంటికి కనిపించదు. మీ ముందున్న అక్షరాల క్రమం మీకు తెలిసినప్పుడు స్ప్లిట్‌తో మూడు ముక్కలుగా విడగొట్టి, డేట్‌సీరియల్‌కు సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో ఇవ్వండి. డేట్‌సీరియల్(2025, 4, 1) అన్నది విజయవాడలోనూ డాలస్‌లోనూ ఏప్రిల్ 1 మాత్రమే అవుతుంది.

ఐఎస్‌డేట్ ట్రూ అని చెప్పింది కదా, ఇంకా తప్పు ఎలా వస్తుంది?

ఐఎస్‌డేట్ చెప్పేది "దీనిని ఏదో ఒక విధంగా తేదీగా మార్చగలను" అని మాత్రమే. మీరు అనుకున్న తేదీగానే మారుస్తానని కాదు. సంవత్సరాన్ని రెండంకెలతో రాసినప్పుడు దీని ఉదారత మరీ విడ్డూరంగా ఉంటుంది: ఫిబ్రవరి 30 అన్న ఉద్దేశంతో 30/02/25 అని తప్పుగా టైపు చేస్తే, తిరస్కరించవలసింది పోయి, మొదటి సంఖ్యను సంవత్సరంగా భావించి ఫిబ్రవరి 25గా అంగీకరిస్తుంది. వడపోతకు దీనిమీద ఒక్కదానిమీదే ఆధారపడకూడదు.

కోడ్‌లో తేదీని హ్యాష్ గుర్తుల మధ్య రాశాను. అది కూడా సెట్టింగ్‌ను బట్టి మారుతుందా?

మారదు. హ్యాష్ గుర్తుల మధ్య రాసే తేదీని వీబీఏ ఎల్లప్పుడూ నెల-రోజు-సంవత్సరం క్రమంలోనే చదువుతుంది. మన దేశపు అలవాటుతో #1/4/2025# అని రాసినవారికి అందువల్లే జనవరి 4 వస్తుంది. నియమం స్థిరమైనదే అయినా, రేపు ఆ కోడ్‌ను చదివే మరొకరు పొరబడే అవకాశం ఉంది కాబట్టి డేట్‌సీరియల్ రాయడమే మేలు.

యూజర్‌ఫామ్‌లో (మాక్రో చూపించే నమోదు పెట్టెలో) టెక్స్ట్ బాక్స్ ద్వారా తేదీ తీసుకోవాలి. ఎలా తీసుకుంటే నమ్మవచ్చు?

అన్నింటికన్నా నమ్మదగినది, టెక్స్ట్ బాక్స్ పెట్టకపోవడం. రోజు, నెల పేరు, సంవత్సరం అనే మూడు కాంబో బాక్సులు పెడితే తికమకకు తావే ఉండదు. గుమాస్తాలు కీబోర్డుతో వేగంగా నమోదు చేయవలసిన చోట టెక్స్ట్ బాక్సే కావాలంటారు, అది న్యాయమైన కోరికే. అప్పుడు బాక్సు పక్కనే ఏ క్రమంలో రాయాలో స్పష్టంగా చూపించి, వచ్చిన అక్షరాలను మీరే మూడు ముక్కలు చేసి డేట్‌సీరియల్‌కు ఇవ్వండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డేట్‌సీరియల్ కూడా పొరపాటు చూపించదు. 13వ నెల ఇస్తే మరుసటి సంవత్సరం జనవరిగా, ఫిబ్రవరి 30 ఇస్తే మార్చి మొదట్లోకి జరిపేస్తుంది. కాబట్టి వచ్చిన తేదీ నుంచి డే, మంత్ ఫంక్షన్లతో రోజునూ నెలనూ తిరిగి తీసి, యూజర్ టైపు చేసిన సంఖ్యలతో సరిపోల్చాలి. సరిపోకపోతే తిరస్కరించాలి. ఆపైన, అంగీకరించిన తేదీని నెల పేరుతో సహా ఫామ్‌పైనే చూపిస్తే, టైపు చేసినవారే తప్పును పట్టుకోగలుగుతారు.

సంవత్సరాన్ని రెండంకెలతో రాస్తే ఏ శతాబ్దానికి పోతుంది?

దానికీ రీజియన్ పెట్టెలోనే ఒక హద్దు ఉంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న హద్దు ప్రకారం 00 నుంచి 29 వరకు 2000లలోకీ, 30 నుంచి 99 వరకు 1900లలోకీ వెళతాయి. ఈ హద్దును యూజర్ మార్చుకోగలరు కాబట్టి 2035లో ముగిసే గృహరుణానికి "35" అని రాస్తే ఒకచోట 1935 కావచ్చు. నాలుగంకెలు లేని సంవత్సరాన్ని మాక్రో అంగీకరించకపోవడమే మంచిది.

మెసేజ్ బాక్సులో తేదీ సరిగ్గా కనిపిస్తోంది, సెల్‌లో మాత్రం తప్పుగా పడుతోంది. దేనిని నమ్మాలి?

రెండింటినీ నమ్మవద్దు. మెసేజ్ బాక్సుకు గానీ, ఎడిటర్‌లో విలువలను చూసుకునే ఇమీడియట్ విండోకు గానీ తేదీని పంపితే, అది ఆ కంప్యూటర్ షార్ట్ డేట్ రూపంలోకి మారి కనిపిస్తుంది. 04-01-2025 అని కనిపించినప్పుడు అది ఏ నెలో మీకు తెలియదు. సీడబుల్‌తో సంఖ్యగా మార్చి చూడండి, లేదా నెల పేరు వచ్చేలా ఫార్మాట్ చేసి చూడండి. సెల్ విషయంలో వాల్యూ2 గుణం అసలు సంఖ్యను ఇస్తుంది. టెక్స్ట్ గుణం తెరపై కనిపించేదాన్నే ఇస్తుంది, కాలమ్ ఇరుకైతే వరుసగా హ్యాష్ గుర్తులనే ఇస్తుంది.

## సెల్‌లో రాసేటప్పుడు, చూపించేటప్పుడు

ఫార్మాట్ ఫంక్షన్‌తో డీడీ/ఎంఎం/వైవైవైవై అని మార్చి సెల్‌లో వేశాను. అయినా నెల ముందుకు వచ్చేసింది. ఎందుకు?

ఈ పుటలో ఉన్న ప్రశ్నలన్నింటిలోకీ ఎక్కువగా అడిగేది ఇదే. తేదీని చక్కగా చూపించాలన్న మంచి ఉద్దేశమే ఇక్కడ తప్పుకు కారణం. ఫార్మాట్ ఫంక్షన్ ఫలితం తేదీ కాదు, అక్షరాలు. ఆ అక్షరాలను సెల్ వాల్యూకు అప్పగించగానే ఎక్సెల్ వాటిని మళ్లీ తేదీగా మార్చడానికి ప్రయత్నిస్తుంది, వీబీఏ నుంచి వచ్చిన అక్షరాల విషయంలో అది మీ రీజనల్ సెట్టింగ్‌ను కాక అమెరికా క్రమాన్ని ముందు పాటిస్తుంది. కాబట్టి మీరు ఏప్రిల్ 1గా పంపినది జనవరి 4గా దిగుతుంది. 12 దాటిన రోజులు మాత్రం తిరగబడవు కాబట్టి తప్పు కొంతకాలం బయటపడదు.

చేయవలసింది రెండు వేర్వేరు పనులు. సెల్‌కు డేట్ రకపు చరరాశినే నేరుగా అప్పగించాలి, కనిపించే రూపాన్ని ఆ సెల్ నంబర్‌ఫార్మాట్ గుణంలో ఇవ్వాలి. వందల వరుసలను అర్రే ద్వారా ఒకేసారి రాసేటప్పుడూ ఇదే నియమం: అర్రేలో ఉన్నవి డేట్ విలువలైతే క్షేమంగా దిగుతాయి, అక్షరాలైతే అమెరికా క్రమంలో చదవబడతాయి. ఏదో కారణాన అక్షరాలనే పంపక తప్పకపోతే, సంవత్సరం ముందుండే 2025-04-01 రూపంలో పంపండి.

నంబర్‌ఫార్మాట్‌లో ఎం/డీ/వైవైవైవై అని ఇచ్చాను. కానీ సెల్‌లో రోజే ముందు కనిపిస్తోంది.

ఆ ఒక్క కోడ్‌కు ఎక్సెల్‌లో ప్రత్యేకార్థం ఉంది. "ఈ కంప్యూటర్ షార్ట్ డేట్ రూపంలో చూపించు" అని ఎక్సెల్ దానిని అర్థం చేసుకుంటుంది. ఫార్మాట్ సెల్స్ పెట్టెలో నక్షత్రం గుర్తుతో కనిపించే తేదీ రూపం ఇదే. ఎవరి కంప్యూటర్‌లో వారి అలవాటు ప్రకారం కనిపించాలంటే ఇది ఉపయోగకరమైన లక్షణమే. అమెరికా రూపమే ఖాయంగా కావాలంటే కోడ్‌కు ముందు [$-409] అని చేర్చాలి. అన్నిచోట్లా ఒకేలా, ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలంటే డీడీ-ఎంఎంఎం-వైవైవైవై ఇచ్చి నెల పేరు కనిపించేలా చేయడం ఉత్తమం.

డీడీ/ఎంఎం/వైవైవైవై అని స్లాష్‌లతో రాస్తే నాకు హైఫన్లు ఎందుకు వస్తున్నాయి? ఆ తేదీని ఫైలు పేరుగా పెట్టి సేవ్ చేస్తే అమెరికాలో ఎర్రర్ వస్తోందట.

రెండూ ఒకే కారణం నుంచి పుట్టినవి. వీబీఏ ఫార్మాట్ ఫంక్షన్‌లో స్లాష్ అంటే స్లాష్ కాదు, "ఈ కంప్యూటర్ తేదీ సెపరేటర్" అని అర్థం. విండోస్‌లో ఇంగ్లీషు-ఇండియా అమరికకు సహజంగా వచ్చే సెపరేటర్ హైఫన్ కాబట్టి మీకు 01-04-2025 వస్తుంది, ఫైలు పేరుగా అది చక్కగా సరిపోతుంది. అమెరికా అమరికలో నిజంగానే స్లాష్ వస్తుంది, స్లాష్‌ను విండోస్ ఫైలు పేరులో అనుమతించదు కాబట్టి సేవ్‌యాజ్ 1004 ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఏళ్లుగా ఇక్కడ సవ్యంగా నడిచిన మాక్రో సముద్రం దాటగానే విఫలమవడానికి ఇది తరచుగా కనిపించే కారణం. ఫైలు పేర్లకు వైవైవైవై-ఎంఎం-డీడీ వాడండి. హైఫన్ ఎక్కడైనా హైఫన్‌గానే ఉంటుంది, పైగా ఫైళ్లు కాలక్రమంలో పేర్చుకుంటాయి. స్లాషే కావాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

ఏపీఆర్ (ఏప్రిల్‌కు ఇంగ్లీషు పొట్టి రూపం) అని రావలసిన చోట నెల పేరు తెలుగులో వస్తోంది. అందుకే షీటు దొరకడం లేదు.

ఆ యూజర్ రీజియన్ పెట్టెలో తెలుగు అమరికను ఎంచుకున్నారన్నమాట. ఫార్మాట్, మంత్‌నేమ్ ఫంక్షన్లు నెల పేర్లను ఆ అమరిక భాషలోనే ఇస్తాయి. నెల పేరు మనుషులు చదవడానికి బాగుంటుంది గానీ, షీటు పేరును వెతకడానికి తాళంచెవిగా వాడకూడదు. షీట్లకు 2025-04 లాంటి సంఖ్యారూపపు పేర్లు పెట్టండి, లేదా పన్నెండు నెలల పేర్లను మాక్రోలోనే ఒక జాబితాగా రాసుకుని నెల సంఖ్యతో తీసుకోండి.

మాక్రోతో ఫార్ములా రాయిస్తున్నాను. తేదీతో పోల్చినప్పుడు ఎప్పుడూ ట్రూ అనే వస్తోంది.

ఫార్ములా అక్షరాల మధ్యలో తేదీ చరరాశిని నేరుగా అతికించినందువల్ల ఇలా జరుగుతుంది. హైఫన్ సెపరేటర్ ఉన్న కంప్యూటర్‌లో ఆ ఫార్ములా ఏ1>01-04-2025 అని తయారవుతుంది, ఎక్సెల్ దానిని తీసివేతగా లెక్కించి -2028తో పోలుస్తుంది. స్లాష్ ఉన్న చోట 1ని 4తోనూ 2025తోనూ భాగించి సుమారు 0.000123తో పోలుస్తుంది. ఏ తేదీ అయినా ఈ రెండింటికన్నా పెద్దదే. ఫార్ములాలో డేట్(2025,4,1) అని వచ్చేలా సంవత్సరం, నెల, రోజులను విడివిడిగా అతికించాలి.

## వెతకడం, వడపోయడం, డేటాబేస్‌కు పంపడం

ఆటోఫిల్టర్‌కు తేదీ ఇస్తే ఒక్క వరుస కూడా రావడం లేదు. చేత్తో ఫిల్టర్ చేస్తే వస్తున్నాయి.

మాక్రో నుంచి వచ్చే తేదీ షరతును ఆటోఫిల్టర్ అమెరికా క్రమంలో చదువుతుంది. మీ చరరాశిని ">=" గుర్తుకు అతికించినప్పుడు అది మీ షార్ట్ డేట్ రూపంలో, అంటే రోజు ముందుగా మారుతుంది. పూర్ణాంకంగా మార్చే సీలాంగ్ ఫంక్షన్‌తో తేదీని సంఖ్యగా అతికిస్తే ఈ చిక్కు పోతుంది: ">=" పక్కన ప్రారంభ తేదీకి సీలాంగ్, "<" పక్కన ముగింపు తేదీకి ఒకటి కలిపి సీలాంగ్. తేదీతో పాటు సమయం కూడా ఉన్న విలువలైతే ముందు ఇంట్‌తో సమయాన్ని తీసేయాలి. సీలాంగ్ దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాతి సమయం ఉన్న తేదీ మరుసటి రోజైపోతుంది.

ఫైండ్‌తో తేదీ దొరకడం లేదు, కళ్లెదుటే కనిపిస్తోంది.

ఫైండ్ విలువలలో వెతికేటప్పుడు తెరపై కనిపించే అక్షరాలను పోలుస్తుంది కాబట్టి సెల్ ఫార్మాట్ మారినా, కాలమ్ ఇరుకైనా ఫలితం మారిపోతుంది. దానికి బదులు అప్లికేషన్.మ్యాచ్‌కు తేదీని సీలాంగ్‌తో సంఖ్యగా ఇచ్చి, కచ్చితమైన పోలిక కోసం చివర 0 ఇవ్వండి.

ఎక్సెల్ నుంచి యాక్సెస్‌కూ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కూ తేదీలు పంపుతున్నాను. ఏ రూపంలో పంపాలి?

వీలైతే ఏ రూపంలోనూ కాదు, ఏడీవో (మాక్రోను డేటాబేస్‌తో కలిపే సాధనం) కమాండ్ పరామితిగా డేట్ విలువనే పంపండి. అక్షరాలుగా కూర్చక తప్పకపోతే, యాక్సెస్‌లో హ్యాష్ గుర్తుల మధ్య సంవత్సరం ముందుండే రూపం ఇవ్వాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మధ్యలో ఏ గుర్తూ లేని 20250401 అన్న ఎనిమిదంకెల రూపం భద్రమైనది. హైఫన్లతో రాసిన రూపాన్ని పాత డేట్‌టైమ్ రకం, లాగిన్ భాష సెట్టింగ్‌ను బట్టి సంవత్సరం-రోజు-నెలగా చదివే సందర్భాలు ఉన్నాయి.

## ఇప్పటికే పాడైన ఫైళ్లు, ఇతర తేడాలు

తేదీలు తిరగబడిన ఫైలును సేవ్ కూడా చేసేశాం. ఇప్పుడు సరిచేయగలమా?

అసలు సీఎస్‌వీ మిగిలి ఉంటే దానినే తిరిగి సరైన క్రమంలో తెరవండి, మరమ్మతు ఆలోచనే వద్దు. లేకపోతే ముందుగా ఏం జరిగిందో నిర్ధారించుకోవాలి. ఏప్రిల్ నెల స్టేట్‌మెంట్‌లో జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అంటూ ప్రతి నెలా నాలుగో తేదీలు వరుసగా కనిపించి, మిగతావి ఎడమకు అంటుకున్న అక్షరాలుగా ఉంటే, రోజు-నెల ఫైలును నెల-రోజుగా చదివినట్లే. అప్పుడు సంఖ్యలుగా ఉన్న సెల్‌లకు రోజునూ నెలనూ మార్చి డేట్‌సీరియల్‌తో తిరిగి కట్టాలి. అక్షరాలుగా ఉన్నవాటిని విడగొట్టి, రోజు-నెల క్రమంలోనే కట్టాలి.

రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఆ కాలమ్ మొత్తం ఒకే దారిలో వచ్చినదై ఉండాలి. కొన్ని వరుసలు దిగుమతి చేసినవీ, కొన్ని చేత్తో టైపు చేసినవీ అయితే సరైనవి కూడా తిరగబడతాయి. రెండోది, మరమ్మతు మాక్రోను పొరపాటున రెండుసార్లు నడిపితే తప్పు యథాస్థానానికి వస్తుంది కాబట్టి ఫలితాన్ని పక్క కాలమ్‌లో రాయించి, పాత కాలమ్‌ను చెరపకుండా ఉంచుకోవాలి. సేవ్ చేసేటప్పుడు అక్షరాలుగా ఉన్న సెల్‌లనూ ఎవరో సీడేట్‌తో మార్చేసి ఉంటే, తేదీలను చూసి మాత్రమే చెప్పడం కష్టం. వోచర్ నంబర్ల వరుసో, బ్యాంకు నిల్వల వరుసో ఆధారంగా తీసుకోవాలి.

రోజు, నెల సరిగ్గానే ఉన్నాయి. కానీ తేదీలన్నీ నాలుగేళ్లు తేడాగా ఉన్నాయి.

ఇది రీజనల్ సెట్టింగ్ సమస్య కాదు. ఒక వర్క్‌బుక్ 1900 పద్ధతిలోనూ, మరొకటి పాత మ్యాక్ ఎక్సెల్ వాడిన 1904 పద్ధతిలోనూ ఉండి, మధ్యలో సంఖ్యలు నకలు అయ్యాయి. తేడా కచ్చితంగా 1462 రోజులు ఉంటే ఇదే కారణం. వర్క్‌బుక్‌కు డేట్1904 అనే గుణం ఉంటుంది, నకలు చేసే ముందు రెండింటిలోనూ దానిని చూసుకోవాలి.

గూగుల్ షీట్స్‌లో స్క్రిప్టు నడిపితే తేదీ ఒక రోజు వెనక్కి పోతోంది. ఇదీ అదే సమస్యా?

క్రమానికి సంబంధించిన భాగం ఒకటి ఉంది: గూగుల్ షీట్స్‌లో లొకేల్ యూజర్‌కు కాక ఒక్కొక్క స్ప్రెడ్‌షీట్‌కు చెందుతుంది, ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. కానీ ఒక రోజు వెనక్కి పోవడానికి కారణం టైమ్ జోన్. యాప్స్ స్క్రిప్ట్ సెల్ నుంచి తీసుకునేది ఆ రోజు అర్ధరాత్రి అనే క్షణాన్ని. షీటు భారత కాలమానంలోనూ స్క్రిప్టు న్యూయార్క్ కాలమానంలోనూ ఉంటే, ఏప్రిల్ 1 అర్ధరాత్రి అక్కడ మార్చి 31 మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. రెండింటి టైమ్ జోన్‌నూ ఒకటి చేయండి, లేదా యుటిలిటీస్.ఫార్మాట్‌డేట్‌కు షీటు టైమ్ జోన్‌నే ఇవ్వండి. ఆ ఫంక్షన్‌లో ఇంగ్లీషు పెద్ద ఎం నెలకూ చిన్న ఎం నిమిషాలకూ వాడతారు. రెంటినీ కలిపేస్తే నెల స్థానంలో 00 కనిపిస్తుంది.